ఆస్తికంటే ముందు అప్పగించవలసింది
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు ఆస్తి అప్పగించే విషయమై అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. డి.ఎ. గురించో, మెడికల్ ఇన్సూరెన్సు ప్రీమియం గురించో అయితే హాలు నిండుతుంది గాని ఇదెవరు వింటారండీ అన్నాను. మన ఇళ్ళల్లో ఈ మాట ఎత్తడమే కష్టం. మగవాళ్ళు "నేనింకా పోలేదుగా" అంటారు. ఆడవాళ్ళు "పండగపూట ఆ అపశకునం మాటలేమిటండీ" అంటారు. పిల్లలేమో తాము అడిగితే ఆశపడుతున్నారనుకుంటారని నోరు విప్పరు. ముగ్గురూ మర్యాదస్తులే. ఆ మర్యాదవల్లనే చివరకు కాగితాలన్నీ బీరువాలోనూ, వాటి సంగతి ఒక్క మనిషి బుర్రలోనూ ఉండిపోతాయి.

మనది జమీందారీ ఆస్తి కాదు. లోను పెట్టి కట్టుకున్న ఇల్లు ఒకటి, పెద్దలిచ్చిన ఎకరమో రెండెకరాలో, గ్రాట్యుటీ, పి.ఎఫ్. డబ్బు వేసుకున్న డిపాజిట్లు, ఒక లాకరు, రెండు మూడు పాలసీలు. పెద్ద ఆస్తులున్నవాళ్ళకు ఆడిటర్లుంటారు, వకీళ్ళుంటారు. మనకు మనమే. పైగా పదిళ్ళుంటే పంచుకోవచ్చు గాని, ఒక్క ఇంటిని ముగ్గురికి పంచడమెట్లా? అందుకే తగవులు చిన్న ఆస్తుల దగ్గరే ఎక్కువ చూశాను.

చూశాను అని ఎందుకంటున్నానంటే, నా 35 ఏళ్ళ బ్యాంకు సర్వీసులో చివరి భాగమంతా చనిపోయిన ఖాతాదారుల క్లెయిములు చూసే సీటులో గడిచింది. నా ఎదుట కుర్చీలో కూర్చున్నవాళ్ళలో చాలామంది పదిరోజుల కార్యక్రమం అయ్యీ కాకుండా వచ్చినవాళ్ళు. దుఃఖం ఒకవైపు, ఫారాలు ఒకవైపు. ఒకసారి ఒక రిటైర్డు హైస్కూలు మాష్టారి కొడుకు వచ్చాడు. పరాయి దేశంలో ఉద్యోగం, రెండు వారాల సెలవు. తండ్రిగారికి డిపాజిట్లు మా బ్రాంచిలోనే కాక ఇంకా నాలుగుచోట్ల ఉన్నాయని ఒక పాత డైరీవల్ల తెలిసింది. రెండింటిలో నామినీ ఆయన తమ్ముడు. ఆ తమ్ముడు అన్నకంటే ముందే పోయాడు. నామినీ మార్చాలని ఎవరికీ తట్టలేదు. తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, అక్కచెల్లెళ్ళ సంతకాలు, జామీనుదారులు — ఇవన్నీ సమకూరే లోపు అబ్బాయి సెలవు అయిపోయింది. మిగిలింది ఆయన భార్య, డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె మా బ్రాంచికి ఏడుసార్లు వచ్చింది. ప్రతిసారీ బయట అరుగుమీద కూర్చుని "మావారు అన్నీ చక్కగా చూసుకునేవారండీ" అనేది. నిజమే, ఆయన అన్నీ చక్కగా చూసుకున్నారు. ఇంకెవరినీ చూడనివ్వలేదు, అంతే.

కాబట్టి నా మొదటి మనవి. వారసులు అనగానే మన దృష్టి పిల్లలమీదికి పోతుంది. కాని చాలా ఇళ్ళల్లో మొదటి వారసురాలు భార్య. భార్యాభర్తల్లో ఆడమనిషి వయసులో చిన్నది కావడం, ఎక్కువకాలం బతకడం మామూలు. ఆమెకు చెక్కు రాయడం రాకపోతే, పెన్షను పే ఆర్డరు ఎక్కడుందో తెలియకపోతే, కుటుంబ పెన్షనుకు ఏ కాగితం పట్టుకెళ్ళాలో తెలియకపోతే, పిల్లలు ఎంత మంచివాళ్ళయినా ఆమె పరాధీనే. మా ఇంట్లో నేను చేసిన పని చెబుతాను. ఏడాదికి ఒక నెల ఇంటి లెక్కంతా మా ఆవిడది. పెన్షను పడిందో లేదో చూడటం, కరెంటు బిల్లు, గ్యాసు, ఇంటి పన్ను, డిపాజిట్ రెన్యూవలు అన్నీ. మొదటి ఏడాది "ఈ వయసులో నాకిదేం పరీక్షండీ" అంది. మూడో ఏడు వచ్చేసరికి, ఒక డిపాజిట్ గడువు తీరి రెండు నెలలు తక్కువ వడ్డీకి పడి ఉందని ఆవిడే కనిపెట్టింది. ముప్పై ఐదేళ్ళు బ్యాంకులో చేసినవాడి ఇంట్లో! దీపం కింద చీకటి అంటే ఇదే కదా అని ఇద్దరం నవ్వుకున్నాం.

నామినీ మాట వచ్చింది గనక ఒక అపోహ తొలగించుకుందాం. నామినీ అంటే యజమాని కాడు. బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే హక్కున్నవాడు, అంతే. తీసుకున్న డబ్బు చట్టప్రకారం ఎవరిదో వారికి చేరవలసిందే. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లోనూ, షేర్ల విషయంలో 2023లోనూ అదే మాట అన్నది. బీమాకు మాత్రం 2015 సవరణ భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైనప్పుడు వారికి మరికొంత బలమిచ్చింది. "పెద్దాడి పేరు నామినీగా రాశాను, ఇక వాడిదే" అనుకునేవారు దయచేసి వీలునామా కూడా రాయండి. నామినీ ఒకరు, వీలునామాలో మరొకరు అయితే అన్నదమ్ముల మధ్య నిప్పు మనమే పెట్టినవాళ్ళమవుతాం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తరువాత ఒకరుగానే. వీలయినప్పుడు బ్రాంచికి వెళ్ళి పాత నామినేషన్లు ఒకసారి చూసుకోండి. మనలో కొందరి ఖాతాల్లో పెళ్ళికి ముందు రాసిన అమ్మగారి పేరే ఇంకా ఉందని నాకు తెలుసు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. తెల్లకాగితంమీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, ఆ ఇద్దరి చేత సంతకం చేయిస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. ఆస్తి పొందేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి. సాక్షులు మనకంటే వయసులో చిన్నవాళ్ళయితే మంచిది. మన వాకింగ్ మిత్రులు ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళయితే రేపు కోర్టులో సాక్ష్యం చెప్పేదెవరు? మరో సంగతి. మన జీతంతో కొన్న ఇంటిని ఎవరికైనా రాయవచ్చు గాని, తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో మన వాటా మేరకే రాయగలం. ఇక్కడ నేను చెప్పే వారసత్వపు లెక్కలు హిందూ కుటుంబాలవి. మన ముస్లిం సోదరులకు వీలునామాతో రాసే హక్కు మామూలుగా మూడోవంతుకే పరిమితం. క్రైస్తవ సోదరులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఎవరి చట్టం వారు తెలిసినవారిని అడిగి చూసుకోవాలి.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. దీనిమీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రాలలో మనది ఒకటి. 1986లో మన రాష్ట్రం చేసిన సవరణ అది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ పెళ్ళయినా, కాకపోయినా కూతుళ్ళందరికీ ఆ హక్కు ఇచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అనే సందేహాన్ని కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తీర్చింది. అక్కరలేదు, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుంది అన్నది. ఇది చట్టం. మన వరండాల్లో చట్టం వేరు. "పెళ్ళికి అంత ఇచ్చాంగా, ఇంకేం వాటా?" అంటాం. కట్నాన్ని చట్టం వాటాగా లెక్క వేయదు, కట్నమివ్వడమే 1961 నుంచి నేరం కూడా. తండ్రి పోయిన తరువాత అక్కను పసుపు కుంకుమలకు పిలిచి, చీర పెట్టి, భోజనాలయ్యాక రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి హక్కు విడుదల పత్రంమీద సంతకం పెట్టించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. పెట్టించుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పెట్టిన ఆడపిల్ల కూడా ఆనాడు ఇష్టంగానే పెట్టింది. పదేళ్ళ తరువాత ఆమె ఇంట్లో కష్టమొచ్చినప్పుడు ఆ సంతకం గుర్తుకొస్తుంది. అప్పటి నుంచి రాఖీలు కూడా పోస్టులో వస్తాయి.

మాకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అబ్బాయి టెక్సాసులో, అమ్మాయి విజయవాడలో. ఆరేళ్ళ క్రితం సంక్రాంతికి ఇద్దరూ వచ్చినప్పుడు, కనుమ మరునాడు అందరినీ కూర్చోబెట్టాను. అల్లుణ్ణి, కోడలినీ కూడా రమ్మన్నాను. వాళ్ళు లేకుండా మాట్లాడితే రాత్రికి గదుల్లో ఆ మాటలకే వేరే అర్థాలొస్తాయి. నేను లెక్క చెప్పబోతుండగానే మా అమ్మాయి "నాకేం వద్దు నాన్నా, అన్నయ్యకే ఇచ్చేయండి" అంది. గదిలో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. మా అబ్బాయి ముఖం కూడా. నేను మాత్రం "వద్దనాలంటే ముందు అదెంతో తెలియాలి కదమ్మా" అని, రాసిపెట్టుకున్న కాగితం చేతికిచ్చాను. ఇల్లు, పొలం, డిపాజిట్లు, బంగారం, మా ఇద్దరి వైద్యానికి ఎంత పక్కన పెట్టిందీ, అన్నీ అందులో ఉన్నాయి. చదువుకుంది. రెండు రోజులు ఆ మాట ఎత్తలేదు.

మూడోరోజు వంటింట్లో వాళ్ళమ్మ దగ్గర కూర్చుని నన్ను పిలిచింది. "నాన్నా, నా వాటా గురించి తరవాత చూద్దాం. ముందు ఒకటి రాయండి. అమ్మ ఉన్నన్నాళ్ళు ఈ ఇంట్లోంచి అమ్మను ఎవరూ లేవమనకూడదు. నేను కూడా" అంది. ఆ "నేను కూడా" అన్నమాట విన్నాక, ఈ పిల్ల ఆస్తి తీసుకోవడానికి తయారైందని నాకనిపించింది. తరువాత కొన్నాళ్ళకు తనే ఫోన్ చేసి, డిపాజిట్లలో సగం, అమ్మ నగల్లో ఫలానా గొలుసు కావాలని సిగ్గుపడకుండా అడిగింది. అడిగినందుకు నాకు సంతోషమే కలిగింది.

ఇంటిమీద భార్యకు జీవితకాలపు హక్కు రాసేటప్పుడు మాత్రం సొంత తెలివి వాడకండి. భార్యకు పోషణ హక్కు కింద ఇచ్చినదైతే, "జీవితకాలం వరకే" అని రాసినా అది సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్ర దేశపు కేసే. మనం ఏ ఉద్దేశంతో రాస్తున్నామో అదే అర్థం వచ్చేట్టు రాయడానికి మంచి వకీలుకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

ఇక పిల్లల్ని తయారుచేయడమంటే ఏమిటి? నా దృష్టిలో ఆస్తి ఇవ్వడానికి ముందు ఆస్తి పని ఇవ్వడం. పని వాళ్ళకు, సంతకం మనకు. ఇంటి పన్ను కట్టడం, అద్దెకున్నవాళ్ళతో అగ్రిమెంటు మాట్లాడటం మా అమ్మాయికి అప్పగించాను. పొలం పని అబ్బాయిది. సముద్రాల అవతల ఉన్నవాడికి పొలం పనేమిటని మా తమ్ముడు నవ్వాడు. కౌలుదారుతో నెలకోసారి ఫోన్‌లో మాట్లాడేది మా వాడే. కౌలు డబ్బు ఏ నెలలో రావాలో, తుఫానుకు పంట పడిపోయిన ఏడు ఎంత తగ్గించాలో వాడే తేల్చాలి. తుఫాను ఏడు వాడు పైసా తగ్గించనన్నాడు. అగ్రిమెంటులో లేదు కదా అంటాడు. నేనేం అనలేదు, టికెట్టు కొనుక్కుని వచ్చి చేను చూసి చెప్పమన్నాను. రాలేదు గాని, కౌలుదారు కొడుకు చేత వీడియో తీయించుకుని చూశాడు. చూసి, సగం చాలన్నాడు.

మనవలకు వేరే పాఠం. అమ్మాయి పిల్లలిద్దరికీ డిగ్రీలో చేరినప్పుడు చెరో పాతికవేలు ఇచ్చాను. ఖర్చు పెట్టుకోవడానికి కాదు, ఏడాది తరువాత లెక్క చెప్పడానికి. మనవరాలు రికరింగు డిపాజిట్లో వేసింది, వడ్డీ ఎంతమ్మా అంటే తెల్లముఖం వేసింది. మనవడు ఫోన్‌లో ఎవరో చెప్పిన షేరు కొని తొమ్మిదివేలు పోగొట్టాడు. కాని పోయిన వారంలోనే వచ్చి "తాతయ్యా, పోయింది" అని కాగితంమీద లెక్క రాసి చూపించాడు. వాణ్ణి మెచ్చుకున్నానని మా అల్లుడికి కొంచెం కోపం. తొమ్మిదివేలకు ఇంతకంటే మంచి చదువు ఏ కాలేజీలో చెబుతారు? లెక్క దాచేవాడికే ఆస్తి ఇవ్వడానికి భయపడాలి.

మరి ఇప్పుడే అంతా రాసిచ్చేస్తే ఏం పోయింది అనేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రిజిస్టరు చేసి, స్వాధీనం కూడా ఇచ్చేసిన గిఫ్టు దస్తావేజును మనంతట మనం వెనక్కి తీసుకోవడం దుస్సాధ్యం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. తల్లిదండ్రుల్ని చూసుకోవాలనే షరతుమీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. కాని షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అన్నది. 2025 జనవరిలో ఆ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చూడాలని కూడా అన్నది. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. కన్నబిడ్డతో షరతులేమిటని మొహమాటపడవద్దు. నా సీటు దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన, ఇల్లు, డబ్బు మొత్తం ఇచ్చేసి, మందుల కోసం కోడలిని అడగలేక, ఐదువందలు అప్పు దొరుకుతుందా అని మా మెసెంజరును అడిగాడు. ఆయన ఒకప్పుడు మా బ్రాంచిలో పెద్ద డిపాజిటరు.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి రెండు మాటలు. ప్రవాస భారతీయులు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు గాని వారసత్వంగా పొందవచ్చు. అమ్మాలంటే మాత్రం ఇక్కడ నివసించే భారతీయుడికే అమ్మాలి. వచ్చిన సొమ్మును పన్నులు కట్టి, కాగితాలు చూపి, ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్లదాకా ఎన్.ఆర్.ఓ. ఖాతా నుంచి తీసుకెళ్ళవచ్చు. మన దేశంలో ఎస్టేటు డ్యూటీ 1985లోనే రద్దయింది గనక వారసత్వంమీద పన్ను భయం లేదు. భయమల్లా రికార్డులతోనే. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రలో రీసర్వే జరిగిన ఊళ్ళల్లో పాత సర్వే నెంబర్ల బదులు ఎల్.పి.ఎం. నెంబర్లు వచ్చాయి. తాతగారి దస్తావేజులో ఉన్న నెంబరుతో వెతికితే మన పిల్లలకు మన పొలం దొరకదు. పాత నెంబరు, కొత్త నెంబరు పక్కపక్కన రాసి, ఒక్కసారైనా వాళ్ళను గట్టుమీద నిలబెట్టి హద్దులు చూపించండి. తూర్పున ఎవరు, పడమర ఏ కాలువ, పుంత దారి ఎటు — ఇది ఏ కంప్యూటరూ చెప్పదు.

చిల్లర సంగతులు ఇంకా కొన్ని. పాత షేరు కాగితాలుంటే డీమ్యాటు చేయించండి. 2019 ఏప్రిల్ నుంచి కాగితంమీద అమ్మకం బదిలీలు లేవు, వారసుల పేరిట మార్పు మాత్రం ఉంది. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి పోతాయి. అయినా వారసులు తిరిగి అడగవచ్చు. అవి ఎక్కడున్నాయో వెతకడానికి 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు పెట్టారు. మనిషి పోగానే ఆయన సెల్‌ఫోను సిమ్ము తీసేయవద్దని పిల్లలకు చెప్పండి. క్లెయిములు తేలేదాకా కబుర్లన్నీ ఆ నెంబరుకే వస్తాయి. కాని ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయకూడదు. చనిపోయిన తరువాత పడిన పెన్షను తిరిగి కట్టవలసిందే.

ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఏటా ఒకసారి సరిచూస్తుంటాను. ఎ.టి.ఎం. పిన్నులు, పాస్‌వర్డులు మాత్రం అందులో రాయను. అప్పులు కూడా రాస్తాను, మనం ఎవరికైనా చేబదులు ఇచ్చినవీ, పుచ్చుకున్నవీ. మా నాన్నగారు పోయినప్పుడు ఒక కిరాణా కొట్టాయన వచ్చి మూడువందలు బాకీ ఉందన్నాడు. మా అమ్మ పుస్తకం తీసి చూసి, మూడువందల నలభై అని చెప్పి ఇచ్చింది. పుస్తకం ఉండబట్టి గదా!

మా కుటుంబంలో అంతా తేలిపోయిందని మీరనుకోవద్దు. పొలం ఉంచాలా, అమ్మాలా అన్నది తేలలేదు. అబ్బాయి అమ్మేద్దామంటాడు, కౌలుదారుతో మాట్లాడుతున్నది వాడే అయినా సరే. అమ్మాయి వద్దంటుంది. మా ఆవిడ ఇద్దరి మాటా విని నవ్వి ఊరుకుంటుంది. వచ్చే సంక్రాంతికి మళ్ళీ కూర్చుంటాం.

నోటుపుస్తకం నమూనా జిరాక్సు కాపీలు వెనక బల్లమీద పెట్టించాను. దంపతులుగా వచ్చినవారు ఒక్క కాపీ కాదు, రెండు తీసుకోండి. భోజనాలకు ఇంకా పావుగంట ఉందట. ఎవరికైనా సందేహాలుంటే అడగండి, నాకు తెలిసింది చెబుతాను. సెలవు.